సస్కాచెవాన్‌లో 700 మంది ఊరు: వెళ్ళొచ్చా? జనం తగ్గిపోతున్న ప్రెయిరీ (గడ్డి మైదానాల) ఊళ్ళ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

భార్గవి_బ్రాంప్టన్

అందరికీ నమస్తే. నేను రిజిస్టర్డ్ నర్స్‌ని. మావారు ఐటీ, ఇంటి నుంచే పని. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో అద్దెకే ఒక జీతం పోతోంది. ఇప్పుడు నాకు కెనడాలోనే సస్కాచెవాన్ రాష్ట్రం నైరుతి వైపు ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఊరి జనాభా 700 లోపు. చిన్న హాస్పిటల్, దాన్ని ఆనుకుని పెద్దవాళ్ళ కేర్ హోమ్. పాపకి ఆరేళ్ళు.

జీతం బాగుంది, ఇల్లు కూడా మేం కొనగలిగే ధరలోనే ఉంది. కానీ ఆ ఊరి పాత లెక్కలు చూస్తే ఏ సెన్సస్‌కి ఆ సెన్సస్ జనం తగ్గుతూనే వస్తున్నారు. ఇక్కడ చుట్టాలంతా "ఉన్నవాళ్ళే వదిలేసి పోతున్న ఊరికి మీరెందుకు పోవడం" అంటున్నారు. మా అత్తగారికైతే ఫోన్ చేసినప్పుడల్లా అదే టెన్షన్. అసలు ఆ ఊళ్ళు ఎందుకు ఖాళీ అవుతున్నాయి? ఉండిపోయినవాళ్ళు దేనికోసం ఉంటున్నారు? ఆ వైపు ఉన్నవాళ్ళు, ఉండి వచ్చేసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

శ్రీను_స్కార్బరో

వద్దక్కా. మైనస్ 40 చలి. ఇండియన్ స్టోర్ రెండు మూడు గంటల దూరం, గుడి కూడా అంతే. పాపతో తెలుగులో మాట్లాడే పిల్ల ఒక్కతి దొరకదు. డబ్బు మిగులుతుంది కానీ మనిషి మిగలడు.

శివ_సస్కటూన్

శ్రీను గారు చెప్పిన చలీ దూరమూ నిజమే. అయితే భార్గవి గారు ముందు అడిగింది ఎందుకు ఖాళీ అవుతున్నాయని. నేను బాపట్లలో అగ్రికల్చర్ చదివి ఇక్కడ రైతులకి పంటల సలహాలిచ్చే పని చేస్తున్నాను. వారమంతా ఈ ఊళ్ళ మధ్యే తిరుగుడు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఈ ఊళ్ళు మన ఊళ్ళలాగా చెరువు గట్టునో ఏటి ఒడ్డునో వాటంతటవి పుట్టినవి కావు. రైలు కంపెనీలు మ్యాప్ మీద చుక్కలు పెట్టి పుట్టించినవి. 1872 చట్టం ప్రకారం పది డాలర్ల ఫీజు కడితే 160 ఎకరాలు ఇచ్చేవాళ్ళు. అక్కడే ఉండి, గుడిసో ఇల్లో వేసుకుని, కొంత బీడు దున్ని చూపిస్తే పట్టా. అమెరికాలో అంతకు పదేళ్ళ ముందు, 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టమూ ఇలాంటిదే. యుక్రెయిన్ నుంచి, జర్మనీ నుంచి, నార్వే నుంచి, తూర్పు కెనడా నుంచి జనం వచ్చారు. రైతు గుర్రబ్బండి మీద గోధుమలు తెచ్చి, అమ్ముకుని, పొద్దుగూకేలోపు ఇంటికి చేరాలి. అందుకని పట్టాల వెంట ఎనిమిది, పది మైళ్ళకో స్టేషన్ పెట్టారు. స్టేషన్ పక్కన చెక్కతో కట్టిన గ్రెయిన్ ఎలివేటర్ (ధాన్యం నిలవచేసి రైలుకెత్తే ఎత్తైన గోదాము), ఎదురుగా కొట్టు, బ్యాంకు, హోటల్, చర్చి. ఒక రైలు మార్గంలోనైతే స్టేషన్ల పేర్లు కూడా అక్షరాల వరసలో పెట్టుకుంటూ పోయారు. అంటే ఎంత దూరానికొక ఊరు ఉండాలో నిర్ణయించింది గుర్రం. లారీ వచ్చాక ఆ దూరాల లెక్క మొత్తం తప్పిపోయింది.

1931 సెన్సస్‌లో సస్కాచెవాన్ జనాభా 9,21,785. ఒంటారియో, క్యుబెక్ తర్వాత దేశంలో మూడో స్థానం. పదిమందిలో దాదాపు ఏడుగురు పల్లెల్లోనే. 2021కి వచ్చేసరికి 11,32,505. తొంభై ఏళ్ళలో పెరిగింది రెండు లక్షల చిల్లర. ఈ 11 లక్షల్లో సగం మంది సస్కటూన్, రెజైనా నగరాల్లో, వాటి చుట్టుపక్కల ఉన్నారు. ఫారాల లెక్క చూడండి: 1936లో 1,42,391, 2021లో 34,128. భూమి తగ్గలేదు, పంటా తగ్గలేదు, పైగా బాగా పెరిగింది. పెరిగింది ఒక్కో కుటుంబం చేసే సాగు. ఇప్పుడు సగటు ఫారం 1,700 ఎకరాల పైమాటే. నేను వెళ్ళే చోట్ల పదివేల ఎకరాలు చేసేవాళ్ళున్నారు. తండ్రి, ఇద్దరు కొడుకులు, కోతలప్పుడు ఇద్దరు పనివాళ్ళు, అంతే. 160 ఎకరాల చొప్పున వేసుకుంటే ఆ నేల మీద ఒకప్పుడు అరవై కుటుంబాలు బతకాల్సింది.

కాబట్టి కరువొచ్చి పారిపోయిన కథగా మాత్రమే దీన్ని చూడకండి. 1930లలో దుమ్ము తుఫాన్లకి చాలామంది వెళ్ళిపోయారు, అది వేరు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఊళ్ళు చిక్కిపోయింది వ్యవసాయం దెబ్బతిని కాదు, బాగా సాగి. యంత్రం పెద్దదయ్యేకొద్దీ మనుషుల అవసరం తగ్గింది.

రెండో దెబ్బ రైలు ఛార్జీలది. 1897 ఒప్పందంతో ధాన్యం రవాణా ఛార్జీని తక్కువలో కట్టేశారు. దాన్ని క్రో రేటు అంటారు. 1983లో దాన్ని మార్చారు, 1995లో సబ్సిడీ పూర్తిగా ఎత్తేశారు. దాంతో చిన్న బ్రాంచి లైన్ల మూసివేత జోరందుకుంది. 1933లో కెనడా మొత్తం మీద 5,700 పైగా ఎలివేటర్లు ఉండేవి. ఇప్పుడు కొన్ని వందలు. మెయిన్ లైన్ మీద పెద్ద పెద్ద కాంక్రీట్ టెర్మినళ్ళు కట్టి పాత చెక్కవి కూల్చేశారు. రైతు ఇప్పుడు వంద కిలోమీటర్లయినా ట్రక్కు నడిపి అక్కడే లోడు దింపుతాడు. ఇదివరకు లోడు దింపడానికి ఊళ్ళోకొచ్చినవాడు అక్కడే కాఫీ తాగేవాడు, ఉత్తరాలు తీసుకునేవాడు, ఇంటికి సామాన్లు కొనేవాడు. ఎలివేటర్ పోయాక హోటల్, పోస్టాఫీసు, కొట్టు ఒకదాని వెనక ఒకటి పోయాయి.

నేను తరచూ వెళ్ళే దారిలో అలాంటి ఊరొకటుంది. పట్టాలు పీకేసిన గట్టు, తలుపులకి చెక్కలు కొట్టిన బడి, బడి ముందు యుద్ధాల్లో చనిపోయిన ఊరివాళ్ళ పేర్లు చెక్కిన రాయి. ఊళ్ళో ఇప్పుడు నాలుగైదు ఇళ్ళలోనే దీపం వెలుగుతుంది. కానీ ఆ రాయి చుట్టూ గడ్డి ఎప్పుడు చూసినా కత్తిరించే ఉంటుంది.

భార్గవి_బ్రాంప్టన్

శివ గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. అయితే ఇది ఇక ఆగదన్నమాట? మేం వెళ్ళే ఊరూ పదేళ్ళలో అలాగే అవుతుందా? ఏది నిలబడుతుందో ముందే తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

శివ_సస్కటూన్

పూర్తిగా పోయేవి వంద మంది కూడా లేని ఊళ్ళండి. కౌన్సిల్‌కి నిలబడేవాళ్ళు దొరక్క, నీళ్ళ ప్లాంటు ఖర్చు భరించలేక, విలేజ్ హోదా వదులుకుని చుట్టూ ఉన్న రూరల్ మునిసిపాలిటీలో కలిసిపోతాయి. హాస్పిటల్, కేర్ హోమ్, బడి ఉన్న 700 మంది ఊరు వేరు. చుట్టూ ఉన్న చిన్న ఊళ్ళు పోయినా వాటి పనులన్నీ తన దగ్గరికి తెచ్చుకుని నిలబడ్డ ఊరది.

బడి పన్నెండో తరగతి దాకా ఉందా, ఒకటో తరగతిలో ఎంతమంది పిల్లలున్నారో కనుక్కోండి. అది ఊరి జనాభా కన్నా ఎక్కువ చెబుతుంది. కో-ఆప్ దుకాణం ఉందా, దగ్గర్లో ధాన్యం టెర్మినలో పొటాష్ (ఎరువు ఖనిజం) గనో ఉందా అన్నదీ చూడండి. ఇక హాస్పిటల్ సంగతి మీకే బాగా తెలియాలి. 1993లో ప్రభుత్వం 52 చిన్న ఆసుపత్రుల్లో పేషెంట్లని చేర్చుకోవడం ఒక్క దెబ్బన ఆపేసింది. ఇప్పుడు అలా ప్రకటించి మూయరు. నర్సు దొరకలేదని ఒక వారం ఎమర్జెన్సీ తలుపుకి కాగితం అంటిస్తారు, ఇంకో నెలలో మళ్ళీ అంటిస్తారు. బ్రాంప్టన్‌లో మీరు ఉద్యోగం మానేస్తే మీ సీట్లోకి ఇంకొకరు వస్తారు. అక్కడ మీరు చేరితే రాత్రి పూట ఎమర్జెన్సీ తెరిచి ఉంటుంది. ఊరు నిలబడుతుందా అని మీరు అడుగుతున్నారు, ఆ ఊరివాళ్ళు మీరు వస్తారా అని అడుగుతున్నారు.

డాక్టరమ్మ_కాన్సస్

ఇక్కడ కాస్త నేనూ రాయాలి. మాది కర్నూలు. అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) అయ్యాక, దానికోసం జె-1 వీసా మీద వచ్చిన డాక్టర్లు రెండేళ్ళు స్వదేశం వెళ్ళి ఉండాలి, లేదంటే డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్ళు పనిచేయాలి. కాన్రాడ్ 30 అంటారు. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద 1994లో మొదలైంది. మొదట రాష్ట్రానికి 20 మంది, ఇప్పుడు 30. మన తెలుగు డాక్టర్లు చాలామంది ప్రెయిరీ ఊళ్ళు చూసింది దీనివల్లే. మూడేళ్ళు కళ్ళు మూసుకుని గడిపేసి డాలసో అట్లాంటానో పోదామనుకుని వస్తాం. నేనూ అలాగే ఉత్తర కాన్సస్‌కి వచ్చాను. గడువు ఎప్పుడో అయిపోయింది, ఇంకా ఇక్కడే ఉన్నాను.

జనం తగ్గడం ఇక్కడా అంతే. మాకు దగ్గర్లో ఉన్న జ్యువెల్ కౌంటీలో 1900లో 19 వేల మందికి పైగా ఉండేవాళ్ళు, 2020లో మూడు వేలు కూడా లేరు. కాన్సస్‌లో 1963లో బడుల విలీనానికి చట్టం తెచ్చి చిన్న చిన్న స్కూల్ డిస్ట్రిక్టులన్నీ కలిపి సుమారు మూడు వందలకి కుదించారు. ఇక్కడ పెద్దవాళ్ళని అడిగితే మా ఊరు బ్యాంకు పోయినప్పుడు కాదు, హైస్కూలు పోయినప్పుడు పోయింది అంటారు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆట లేకపోతే ఊరంతా ఒకచోట చేరే సందర్భమే ఉండదు.

ఎందుకు ఉండిపోయానంటే ఒకటి చెబుతాను. ఇక్కడ గోధుమ కోతలు జూన్‌లో. ఒక సంవత్సరం సరిగ్గా కోతల ముందు ఒకాయన గుండెపోటుతో మా హాస్పిటల్‌కి వచ్చాడు. మేం స్థిమితపరిచి పెద్దాసుపత్రికి పంపాం. స్ట్రెచర్ మీద ఉండి కూడా ఆయన అడుగుతున్నది పొలం గురించే. వడగళ్ళు పడితే ఏడాది కష్టం నేలపాలు. మూడో రోజు వాళ్ళావిడ వచ్చి ఫోన్‌లో ఫొటో చూపించింది. వాళ్ళ పొలంలో వరసగా ఐదు కంబైన్లు (కోత యంత్రాలు), ఎవరివి వాళ్ళు తెచ్చినవి, రంగులు కూడా వేరు వేరు. సొంత కోతలు ఆపుకుని వచ్చారు. గట్టు మీద మడత బల్ల వేసి ఆడవాళ్ళు భోజనాలు పెడుతున్నారు. సాయంత్రానికల్లా గింజ అంతా ధాన్యం కొట్టుకి చేరింది. వచ్చినవాళ్ళలో ఒకరికీ ఆయనకీ గట్టు తగాదా ఉందని తర్వాత తెలిసింది. తగాదా ఆ తర్వాతా ఉంది. కానీ ఆ రోజు కంబైన్ వచ్చింది.

కష్టాలూ దాచను. కాల్ డ్యూటీ చాలా బరువు. కూరగాయలు కొంటుంటే పక్కన నిలబడి బీపీ మాత్రల గురించి అడుగుతారు. మీ ఇంటి ముందు కొత్త కారు ఆగితే మర్నాడు ఎవరిదని అడుగుతారు. ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా బతకడం ఇష్టమున్నవాళ్ళకి ఈ ఊళ్ళు పడవు.

శ్రీను_స్కార్బరో

డాక్టరు గారూ, మీది డాక్టరు స్థానం కాబట్టి మర్యాద. మామూలు ఉద్యోగానికి పోయినవాడికీ అంతే ఉంటుందా?

మురళి_ఒకప్పుడు_ప్రెయిరీ

శ్రీను గారి ప్రశ్నకి నేను సమాధానం చెప్పగలను. సస్కాచెవాన్‌లోనే ఒక ఊళ్ళో హోటల్ పనికి వెళ్ళాం. మా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఆ యజమాని చేతిలో ఉంది. గంటలు తగ్గించాడు, ఓవర్‌టైమ్ డబ్బు ఎగ్గొట్టాడు. ఊళ్ళో ఇంకో ఉద్యోగం లేదు, మారాలంటే ఊరే మారాలి. చిన్న ఊళ్ళో అందరూ మంచివాళ్ళే కావచ్చు, కానీ మీ బతుకు ఒక్క మనిషి మీద ఆధారపడితే ఆ మంచితనం మిమ్మల్ని కాపాడలేదు.

ఇంకోటి. మా ఆవిడకి అప్పటికి డ్రైవింగ్ రాదు. ఇదివరకు ప్రభుత్వ బస్సు ఎస్‌టీసీ ఉండేది, 1946 నుంచి నడిచింది. 2017 మే చివర్లో మూసేశారు. ఆ తర్వాత కారు లేని మనిషికి ఊరు దాటే దారి లేదు. కాన్పు లోకల్ హాస్పిటల్లో చేయరు, రెజైనా పోవాలి. డాక్టర్ చెప్పిన తేదీకి రెండు వారాల ముందే అక్కడ గది తీసుకుని ఉన్నాం, మంచు తుఫాను వస్తే హైవే మూసేస్తారని భయం. ఆ చలికాలమంతా మా ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుంది. భార్గవి గారి విషయంలో నా భయం ఆవిడ గురించి కాదు. ఆవిడకి పని ఉంటుంది, మనుషులుంటారు. ఇంట్లో కూర్చుని పనిచేసే వారి శ్రీవారి గురించి.

డాక్టరమ్మ_కాన్సస్

మురళి గారూ, మీరు రాసిన ప్రతి మాటా నిజం. వెంట వచ్చినవాళ్ళ ఒంటరితనం వల్లే ఇక్కడినుంచి చాలామంది డాక్టర్లు వెళ్ళిపోతారు. ఊళ్ళ కమిటీలు వచ్చే మనిషికి బోనస్ ఇస్తాయి, భార్య ఏం చేస్తుంది, భర్త ఏం చేస్తాడు అని అడగవు. అడగడం నేర్చుకున్న ఊళ్ళు మనుషుల్ని నిలుపుకుంటున్నాయి.

భార్గవి గారూ, మీవారిని వెళ్ళిన నెలలోనే వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పేరు ఇమ్మనండి. అనుభవం అడగరు, నేర్పిస్తారు.

బేగంబజార్_రాజు

మధ్యల వస్తున్నందుకు ఏమనుకోకుండ్రి. మాది హైదరాబాద్ బేగంబజార్ల పప్పుల వ్యాపారం, మా నాయన కాలం నుంచి. కెనడా మసూర్ అని బస్తాలు దింపుకుంటం, అమ్ముతం. అది పండే ఊర్లు ఇట్ల ఖాళీ అయితున్నయని ఇయ్యాల తెలిసింది. శివన్నా, ఆ పప్పు మీ దిక్కే పండుతదా?

శివ_సస్కటూన్

రాజు గారూ, కెనడా మసూర్ దాదాపు అంతా సస్కాచెవాన్‌దే. యాభై ఏళ్ళ కింద ఇక్కడ రైతులకి ఆ పంటే తెలియదు. గోధుమ వేయడం, మరుసటి ఏడు పొలం బీడు పెట్టడం, అంతే. 1970లలో సస్కాచెవాన్ యూనివర్సిటీలో ఆల్ఫ్రెడ్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త ఈ నేలకి సరిపోయే మసూర్ రకాలు తయారు చేశాడు. 1978లో లెయిర్డ్, 1980లో ఎస్టన్. రెండూ ఇక్కడి చిన్న ఊళ్ళ పేర్లే. బీడు పెట్టే ఏడాదిలో పప్పు వేయడం మొదలయ్యాక నేలకి నత్రజని, రైతుకి రెండో ఆదాయం. చాలా చిన్న ఊళ్ళలో పప్పు శుభ్రం చేసే ప్లాంట్లు వచ్చి కొన్ని ఉద్యోగాలూ మిగిలాయి.

దాని రెండో వైపూ ఉంది. 2017 నవంబర్‌లో ఇండియా బఠానీ మీద 50 శాతం, డిసెంబర్‌లో మసూర్ మీద 30 శాతం సుంకం వేసింది. మన రైతుకి ధర రావాలని వేసింది, తప్పు పట్టను. కానీ ఆ చలికాలం నేను వెళ్ళిన ప్రతి వంటింట్లో ఢిల్లీ గురించే మాట. బిన్నుల్లో (ధాన్యం నిలవచేసే ఇనుప గాదెల్లో) పప్పు అలాగే ఉంది, ధర పడిపోయింది. సస్కాచెవాన్ రైతు పొద్దున లేచి వాన కన్నా ముందు ఇండియా రుతుపవనాల వార్త చూస్తాడు. మీ ఇంట్లో ఎర్రపప్పు ఉడుకుతుంటే అది ఈ ఊళ్ళదే అనుకోండి.

బేగంబజార్_రాజు

2017 ల మా మార్కెట్ల గూడ అదే లొల్లి అన్నా. సరుకు ఓడల మీద ఉన్నది, సుంకం మారింది. యాదికున్నది.

నక్షత్ర_విన్నిపెగ్

నాది వేరే మాట. ప్రెయిరీ అంటే తగ్గడమే అనుకోకండి. మానిటోబాలో వింక్లర్ 2001లో 8 వేల లోపు, 2021కి 13 వేలు దాటింది. పక్కన మోర్డెన్ కూడా 6 వేల నుంచి పదివేల దగ్గరికి వచ్చింది. 1998లో మొదలైన ప్రావిన్షియల్ నామినీ ప్రోగ్రామ్‌ని (వలస వచ్చేవాళ్ళని రాష్ట్రమే ఎంచుకునే పద్ధతి) ఆ ఊళ్ళు గట్టిగా వాడుకున్నాయి. మోర్డెన్ అయితే సొంతంగా తమ ఊరికి కావాల్సిన పనివాళ్ళని ఎంచుకుని, ముందు ఊరు చూపించి, పిలుస్తుంది. అక్కడ చిన్న ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి కుదిరింది. కాన్సస్‌లో గార్డెన్ సిటీ మాంసం ప్లాంట్ల వల్ల పెరిగింది, మెక్సికో వాళ్ళు, వియత్నాం వాళ్ళు, సోమాలియా వాళ్ళు వచ్చారు. నార్త్ డకోటాలో 1930లో 6,80,845 మంది ఉంటే 2010లోనూ 6,72,591 మందే. తర్వాత అక్కడి బాకెన్ క్షేత్రంలో దొరికిన చమురుతో 2020కి 7,79,094కి పోయింది. చమురు ఊళ్ళ పెరుగుదలని నేను నమ్మను, ధర పడితే జనం పోతారు. మోర్డెన్ లాంటివాటిని నమ్ముతాను.

ఇంకో ముఖ్యమైన సంగతి ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు. 160 ఎకరాలు పంచిన ఆ నేల ఖాళీ నేల కాదు. క్రీ, సోటో, అసినిబోయిన్, బ్లాక్‌ఫుట్ జనాలది. దక్షిణ సస్కాచెవాన్‌లో 1874లో ట్రీటీ 4 (ప్రభుత్వంతో ఒప్పందం), మధ్య భాగంలో 1876లో ట్రీటీ 6 రాయించుకున్నారు. అడవి దున్నలు మాయమై జనం ఆకలితో ఉంటే, రేషన్ ఆపి రిజర్వుల్లోకి (వాళ్ళకంటూ కేటాయించిన హద్దుల్లోకి) తోలారు. 1885 తర్వాత రిజర్వు దాటాలంటే పాస్ కావాల్సి వచ్చేది. ఆ ఖాళీ అలా చేయబడింది, దాని మీద రైతు ఊళ్ళు కట్టారు. ఇవాళ సస్కాచెవాన్ జనాభాలో మూలవాసులు సుమారు 17 శాతం, మిగతావాళ్ళతో పోలిస్తే చాలా చిన్న వయసు వాళ్ళు. పక్క ఊళ్ళో బడి మూతపడుతుంటే రిజర్వులో కొత్త బడి కడుతున్న చోట్లు నేను చూశాను. భార్గవి గారూ, మీ హాస్పిటల్‌కి వచ్చేవాళ్ళలో వాళ్ళూ ఉంటారు. ఆ చరిత్ర తెలుసుకుని వెళ్ళండి, మీ పనికి పనికొస్తుంది.

భార్గవి_బ్రాంప్టన్

నక్షత్ర గారూ, ఇది నాకు నిజంగా తెలియదు. తప్పకుండా చదువుతాను.

ప్లాట్‌నది_ప్రసాద్

ఇంతసేపూ ఉద్యోగాలు, లెక్కలే. ఆ నేల ఎలా ఉంటుందో కూడా కొంచెం చెప్పుకుందాం. నేను నెబ్రాస్కాలో ఉంటాను. అందరూ ఇంటర్‌స్టేట్ 80 మీద ఐదారు గంటలు నడిపి "ఏమీ లేదు" అని వెళ్ళిపోతారు. మార్చిలో అదే హైవే దిగి కియర్నీ దగ్గర ప్లాట్ నది ఒడ్డుకి తెల్లవారుజామున రండి. ఐదు లక్షలకి పైగా శాండ్‌హిల్ కొంగలు అక్కడ దిగుతాయి, ప్రపంచంలో ఆ జాతిలో ఎనభై శాతం దాకా ఆ కొన్ని మైళ్ళ నదిలోనే. నీళ్ళలో నిలబడి నిద్రపోతాయి. వెలుతురు రాకముందు బూడిద రంగు ఇసుక తిన్నె అనుకున్నది మెల్లగా కదులుతుంది, అప్పుడు తెలుస్తుంది అది ఇసుక కాదని. అవి ఒక్కసారిగా లేస్తే పక్కవాళ్ళ మాట వినపడదు. పగలంతా కోసేసిన మొక్కజొన్న చేలల్లో రాలిన గింజలు తింటాయి.

కాన్సస్ ఫ్లింట్ హిల్స్‌లో ఏప్రిల్‌లో గడ్డి తగలబెడతారు, రాత్రి కొండల మీద మంట గీతలు గీతలుగా పాకుతుంది. పొడుగు గడ్డి ప్రెయిరీ ఒకప్పుడున్నదాంట్లో నాలుగు శాతం కూడా మిగల్లేదు, మిగిలింది ఎక్కువ అక్కడే. కింద సున్నపురాయి, చెకుముకి రాయి ఉండి నాగలి దిగలేదు, అందుకే బతికింది. భార్గవి గారు వెళ్ళే వైపు గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్ ఉంది. 2005 చివర్లో అడవి దున్నల్ని అక్కడికి మళ్ళీ తెచ్చారు. నల్ల తోక ప్రెయిరీ డాగ్‌లు (కుక్కలు కావు, బొరియల్లో ఉండే ఉడత జాతి) కెనడాలో ఉన్నది అక్కడొక్కచోటే. రాత్రి ఆకాశం కోసం ప్రత్యేకంగా కాపాడుతున్న ప్రాంతం. పాపకి పాలపుంత చూపించండి.

1987లో పాపర్ దంపతులని ఇద్దరు ప్రొఫెసర్లు ఈ మైదానాలు ఎలాగూ ఖాళీ అవుతున్నాయి, పెద్ద భాగం మళ్ళీ దున్నలకి వదిలేద్దాం అని "బఫెలో కామన్స్" అనే ఆలోచన రాశారు. ఇక్కడివాళ్ళకి మహా కోపం వచ్చింది. కోపం న్యాయమే. ఎక్కడో న్యూజెర్సీలో కూర్చుని మా ఊరు చచ్చిపోయిందని తేల్చేస్తే ఎవరూరుకుంటారు? కానీ దున్నలు తిరిగొచ్చిన చోట నాలుగు గదుల అద్దె, ఒక కాఫీ షాపు అయినా నిలబడ్డాయి. ఊరు, గడ్డి రెండూ ఉండొచ్చని నాకనిపిస్తుంది.

సుజాత_ఒమాహా

జనం తగ్గడం మాట వచ్చింది కాబట్టి: మా నెబ్రాస్కాలోనే మొనోవై అనే ఊరుంది. 2010 సెన్సస్‌లో జనాభా ఒకటి. ఒక పెద్దావిడ, ఆవిడే మేయరు, ఆవిడే గుమస్తా, ఆవిడే హోటల్, ఆవిడదే లైబ్రరీ. 2020 సెన్సస్‌లో రెండని వచ్చింది. వ్యక్తుల వివరాలు బయటపడకుండా చిన్న ఊళ్ళ అంకెల్ని సెన్సస్ వాళ్ళు కొంచెం అటూ ఇటూ చేస్తారట, దానివల్ల. భార్గవి గారూ, మీ ఊరి అంకెలో రెండు మూడు తేడాలకి కంగారు పడకండి.

లెక్కల_లక్ష్మి

ఇంటి విషయం. రెజైనాలో ఇళ్ళ లోన్లు చూసే పని నాది. బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ అడ్వాన్సుకి అక్కడ ఇల్లొస్తుందని చాలామంది ఎగిరి గంతేస్తారు. కొనడం తేలిక, అమ్మడం కష్టం. జనం తగ్గే ఊళ్ళో ఇల్లు ఏళ్ళ తరబడి అమ్మకానికి ఉండొచ్చు. బ్యాంకులు కూడా చిన్న ఊరి ఇంటికి ఎక్కువ డౌన్ పేమెంట్ అడుగుతాయి. దాన్ని పెట్టుబడి అనుకోవద్దు, ఉండటానికి చేసే ఖర్చు అనుకుంటే సరిగ్గా ఉంటుంది. మొదటి ఏడాది అద్దెకే ఉండండి. అద్దె ఇళ్ళు ఆన్‌లైన్‌లో కనపడవు, మీ హాస్పిటల్ మేనేజర్‌నీ, టౌన్ ఆఫీసులో గుమస్తానీ అడగాలి. చూసేటప్పుడు ఫర్నేస్ వయసు, కిటికీలు, బేస్‌మెంట్‌లో తేమ చూడండి, వంటిల్లు తర్వాత.

అమెరికా వైపు కొన్ని కాన్సస్ ఊళ్ళు ఇల్లు కట్టుకుంటే స్థలం ఉచితం అన్నాయి, 2011లో ఆ రాష్ట్రం పల్లె కౌంటీలకి వచ్చే చదువుకున్నవాళ్ళ స్టూడెంట్ లోన్‌లో 15 వేల డాలర్ల దాకా కట్టే పథకం మొదలుపెట్టింది. స్థలం ఎవరికైనా ఇవ్వొచ్చు, జీతం వచ్చే పని ఉంటేనే మనిషి నిలుస్తాడు. మీకు పని ముందే ఉంది. అది సగం బలం.

మురళి_ఒకప్పుడు_ప్రెయిరీ

లక్ష్మి గారి మాటకి నాదీ ఓటు. ఇంకొకటి, ఇంటర్నెట్ స్పీడ్ స్వయంగా చూసుకోండి, ఆ వీధిలో, ఆ ఇంట్లో. మీవారి ఉద్యోగం దాని మీదే ఉంది. ఊరిది ఒకటుంటుంది, రెండు వీధుల అవతల ఇంకొకటుంటుంది.

భార్గవి_బ్రాంప్టన్

అందరికీ చేతులెత్తి నమస్కారం. హాస్పిటల్ మేనేజర్‌తో మాట్లాడాను. బడి పన్నెండు దాకా ఉంది, ఒకటో తరగతిలో పదకొండు మంది. రాత్రి ఎమర్జెన్సీ ఈ ఏడాది కొన్నిసార్లు మూశామని ఆవిడే చెప్పింది, దాచలేదు. ఆ మాట నాకు నచ్చింది. మా ఆయన డ్రైవింగ్ గురించి, ఫైర్ డిపార్ట్‌మెంట్ గురించి వివరాలు అడిగారు. ఆయనకి కొంచెం ఉత్సాహం వచ్చినట్టే ఉంది. వేసవిలో చూసి మోసపోకూడదని ఫిబ్రవరిలో వెళ్ళి నాలుగు రోజులు ఉండి రావాలని అనుకున్నాం, పాపని కూడా తీసుకుని. అప్పుడు ఏం చూడాలి? ఎవరిని కలవాలి?

శివ_సస్కటూన్

ఫిబ్రవరి మంచి ఎంపిక. కారు అద్దెకి తీసుకునేటప్పుడు బ్లాక్ హీటర్ ఉందో లేదో అడగండి, రాత్రి దాన్ని ప్లగ్‌లో పెట్టకపోతే పొద్దున ఇంజన్ కదలదు. దుప్పట్లు, కొవ్వొత్తి, పార డిక్కీలో పెట్టుకోండి. దారిలో ఆగిపోతే కారు దిగి నడవకండి, లోపలే ఉండండి, వెనక వచ్చినవాడు తప్పకుండా ఆగుతాడు.

వెళ్ళాక శనివారం రింక్‌కి (మంచు మీద ఆడే మైదానానికి) వెళ్ళండి. ఫిబ్రవరిలో ఊరు మొత్తం అక్కడే. పిల్లల హాకీ, పక్కన కర్లింగ్ (మంచు మీద రాళ్ళు జార్చే ఆట), వంటగదిలో అమ్మలు వంతులవారీగా చేసే పని. ఎవరూ పలకరించకుండా మూలన కూర్చోనిస్తే అదీ ఒక సమాచారమే, కానీ అలా జరగదని నా నమ్మకం. బ్యాంకులో, కో-ఆప్‌లో తెలిసేదానికన్నా ఆ వంటగది కిటికీ దగ్గర ఎక్కువ తెలుస్తుంది. బడి బస్సు ఏ దారిన వస్తుంది, డాక్టరు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాడు, ఏ ఇల్లు అద్దెకి ఖాళీ అవుతోంది, అన్నీ.

డాక్టరమ్మ_కాన్సస్

పాపకి స్కేట్స్ కొనకండి. రింక్‌లో పిల్లల పాతవి ఒక పెట్టె నిండా ఉంటాయి, సైజు చూసి వాళ్ళే ఇస్తారు. బ్రాంప్టన్ నుంచి పులిహోర కలుపుకుని తీసుకెళ్ళండి, ఎవరింటికైనా పిలిస్తే ఉత్త చేతులతో వెళ్ళక్కర్లేదు. మా ఊళ్ళో అది పెట్టిన రోజు నుంచి ప్రతి పాట్‌లక్‌కీ (తలా ఒక వంటకం తెచ్చుకునే విందు) అదే తెమ్మంటున్నారు.

భార్గవి_బ్రాంప్టన్

కారం తగ్గించాలా డాక్టరు గారూ?

డాక్టరమ్మ_కాన్సస్

మొదటిసారికి తగ్గించండి. రెండోసారి వాళ్ళే అడుగుతారు.